పేరు వద్దన్న గొంతు

రాప్ అంటే ఏంటో నాకేం తెలుసు. మా ఇమ్మానియేలు మొదటిసారి ఇంట్లో అది మొదలుపెట్టినప్పుడు, జ్వరం తలకెక్కి కలవరిస్తున్నాడేమోనని నొసటి మీద తడిగుడ్డ వేశాను. వాడు గుడ్డ తీసి పక్కన పడేసి, "పెద్దమ్మా, ఇది పాట" అన్నాడు. "పాటైతే రాగమేదిరా సన్నాసీ" అన్నాను. "రాగం ఉండదు, మాటే పాట" అన్నాడు. మాటే పాటైతే మా పేటలో కుళాయి దగ్గర రోజూ కచేరీలే కదరా అని పడీపడీ నవ్వాను. ఆ మాటను కూడా తర్వాత ఒక పాటలో పెట్టుకున్నాడు వెధవ.

నా పేరు ఎలీసమ్మ. నల్లపాడు స్టేషను దాటాక మా పేట. సీజనులో మిరపకోతలకు పోతాను, కోతలయ్యాక గుంటూరు కోల్డ్ స్టోరేజీల దగ్గర కాయలకు తొడిమలు తీసే పనికి పోతాను. ఇమ్మానియేలు నా చెల్లెలు కరుణమ్మ కొడుకు. వాడు నాలుగో క్లాసులో ఉండగా కరుణమ్మ కామెర్లతో పోయింది. తండ్రి అంతకు ముందే ఎక్కడో ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఆయన ఊసు నా దగ్గర ఎత్తొద్దు, నాకు ఒళ్ళు మండుద్ది. నాకు పిల్లల్లేరు. అందుకని ఆ రోజు నుంచీ వాడికి నేను, నాకు వాడు.

ఇంకొకటి కూడా చెప్పాలి, లేకపోతే ఈ కథ మీకు అర్థం కాదు. మా చర్చి సంఘంలో పాట ఎత్తేది నేను. గుడిలో కీబోర్డుంది, డప్పుంది, మైకుంది. అయినా మొదటి లైను ఒకళ్ళు ఎత్తుకోవాలి, అప్పుడే అందరూ అందుకుంటారు. ఆ ఒకళ్ళు నేను. మా ఆయన చనిపోయిన ఏడు ఆ పని నాకిచ్చారు. వారమంతా మేస్త్రి కేకేస్తే లేచి, కూర్చోమంటే కూర్చునేదాన్ని. ఆదివారం పొద్దున మాత్రం ముందు చాప మీద కూర్చుని నేను నోరు తెరిచేదాకా ఇంకెవరూ తెరవరు. నా బతుకులో నాదంటూ ఉన్నది అదొక్కటే. చీర లేదన్నా ఊరుకుంటాను, కూర లేదన్నా ఊరుకుంటాను, నా పాట జోలికొస్తే ఊరుకోను.

ఆ పనికి ఒక కట్టు ఉంది. పాట ఎత్తేవాళ్ళు లోకపు పాటలు పాడకూడదు. లోకపు పాటలంటే సినిమా పాటలు, ఊరేగింపు పాటలు, దేవుడి పేరు లేనివన్నీ. నాకు ముందు ఎత్తిన మార్తమ్మ, తమ్ముడి పెళ్ళిలో ఏదో సరదా పాట పాడిందని సంఘంలో ఎవరో లేచి చెప్పారు. అంతే, తీసేశారు. తల కొట్టేసినట్టయి ఆమె వేరే గుడికి పోయింది. అయితే మా వాళ్ళకు ఒక పద్ధతుంది. సంఘం కూడినప్పుడు నలుగురి ముందు ఎవరో ఒకరు నోటితో పలికితేనే విచారణ. బయట ఎంత గుసగుసలాడుకున్నా అది గాలి మాట, పెద్దల చెవికి ఎక్కదు.

ఇక మా వాడి సంగతి. పగలంతా బండి మీద గుంటూరులో పార్సిళ్ళు ఇచ్చేవాడు, మిగిలిన టైము ఈ రాపు. ఏళ్ళ తరబడి పాడాడు, పాపం ఎవరూ వినలేదు. వినకపోవడమే మంచిదైంది. బండిలో పెట్రోలుకు తడుముకుంటూ, పాటలో మాత్రం పెద్ద పెద్ద కార్ల గురించి, మెడలో గొలుసుల గురించి పాడేవాడు. "ఎవడి గొలుసురా అది" అని నేను గయ్యిమనేదాన్ని. ఒక ఎండాకాలం వాడికే విసుగొచ్చింది కాబోలు, అవన్నీ తీసి అవతల పారేశాడు. మిరపకాయల మీద, కూలి ఆడవాళ్ళ మీద, మా పేట మీద వరసగా పాటలు కట్టడం మొదలుపెట్టాడు. వాటన్నిటినీ కలిపి ఆల్బమ్ చేస్తానన్నాడు. పేరు 'తొడిమ'. తీసి పారేసే దాని పేరు ఎవరైనా పెట్టుకుంటారా అంటే, "అందుకే పెట్టా" అన్నాడు.

వాడికి ఇద్దరు తోడు. ఒకడు త్రినాథ్, వాళ్ళ ఊరు దర్శి. వాళ్ళ నాన్న పత్తి రైతు. కాలేజీలో ఉన్నప్పుడు మా వాడికి స్నేహమయ్యాడు. కంప్యూటర్ మీద దరువులు కట్టేది వాడే. మనిషి నెమ్మది, నోట్లో నాలుక లేనట్టుంటాడు, వేళ్ళు మాత్రం ఒకచోట ఆగవు. అన్నం కంచం మీద కూడా దరువేస్తుంటే ఒక దెబ్బ వేశాను. ఇంకొకతి షాహిస్తా. నల్లపాడు రోడ్డులో వాళ్ళకు పెళ్ళి వీడియోలు తీసే షాపుంది. రికార్డింగు, శబ్దం శుభ్రం చేయడం, అన్నీ ఆ పిల్లే. వాళ్ళ షాపు వెనక గదే వీళ్ళకు స్టూడియో. బయట లారీల మోత లోపలికి రాకుండా ఏదో ఒకటి గోడలకు ఆనించాలంటే, త్రినాథే వాళ్ళ నాన్న పండించిన కొత్త పత్తి బోరాలు ఆటోలో వేసుకొచ్చాడు. రేటు వచ్చేదాకా గుంటూరులో స్నేహితుడి గోడౌనులో పెడతానని ఆయనకు నమ్మబలికాడంట. గది నాలుగు పక్కలా పై దాకా పత్తే. లోపలికెళితే మన ఊపిరి మనకే వినపడేది.

పాటలన్నీ అయిపోవచ్చాయి. ఒక్కటి మిగిలింది, వాళ్ళమ్మ మీద పాట. ఒక సాయంత్రం పనినుంచి వచ్చి నేను కాళ్ళు కడుక్కుంటుంటే వచ్చి నిలబడ్డాడు.

"పెద్దమ్మా, అమ్మ తొడిమలు తీస్తూ ఒకటి పాడేది కదా. ఎర్రని కల్లాన అని. నాకు మొదటి లైనే గుర్తుంది."

"ఆ, అయితే?"

"నువ్వు పాడాలి. నా పాట మధ్యలో."

కరుణమ్మ సొంతంగా కట్టిన పాట అది. నాలుగే లైన్లు. అందులో దేవుడి పేరు లేదు. నేను కసిరి పొమ్మన్నాను. "నీ ఆల్బమ్ కోసం నన్ను గుడిలో వెనక చాప మీద కూర్చోబెడతావా" అన్నాను. వాడు అన్నం ముందు కూర్చున్నాడు గానీ మెతుకు ముట్టలేదు. ఏమైందిరా అంటే అప్పుడన్నాడు.

"అమ్మ మొహం గుర్తుంది, ఫోటో ఉంది గాబట్టి. గొంతు మర్చిపోయాను పెద్దమ్మా. ఎంత గింజుకున్నా రావట్లేదు. నువ్వు పాడితే దానికి దగ్గరగా ఉంటుందేమోనని."

తల్లి గొంతు మర్చిపోయిన పిల్లాడికి ఏం చెబుతాం. పాడతాను గానీ నా పేరు ఎక్కడా రాకూడదన్నాను. పేరు పెట్టినా, ఎవరికన్నా చెప్పినా నా శవం చూస్తావన్నాను. వాడు నా నెత్తి మీద చెయ్యిపెట్టి మాటిచ్చాడు.

షాహిస్తా వాళ్ళ గదిలో మైకు ముందు నిలబెట్టారు నన్ను. చెవులకు అవేవో తగిలించారు. పాడాను. షాహిస్తా మొహమాటంగా నవ్వి, "బాగుంది పెద్దమ్మా, కానీ గుడిలో నిలబడ్డట్టుంది" అంది. మళ్ళీ పాడాను. మళ్ళీ అంతే. ఇంకోసారి అనేసరికి నాకు తిక్కరేగింది. "మీకు కావాల్సినట్టు పాడేవాళ్ళను తెచ్చుకోండి" అని చెవులవి తీసి బల్ల మీద పెట్టేశాను. ఇమ్మానియేలు మొహం వాడిపోయింది. అప్పుడు షాహిస్తా గుమ్మానికి అడ్డంగా నిలబడి, "మీ చెల్లెలు ఇది ఎప్పుడు పాడేవాళ్ళు? నిలబడా, కూర్చునా?" అంది.

"నిలబడి తొడిమలెవరు తీస్తారే" అన్నాను.

త్రినాథ్ బయటికి పోయి, కాసేపటికి ఎండుమిరపకాయల బస్తా భుజాన వేసుకొచ్చాడు. నేల మీద గోనెపట్టా పరిచి గుమ్మరించాడు. నేను బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. షాహిస్తా మైకును నా మోకాలి దగ్గరికి దించింది. మోత వస్తుందని ఫ్యాను ఆపారు, తలుపు మూశారు. నాలుగు వైపులా పత్తి, మధ్యలో మిరపకాయలు. ఘాటు ఎటు పోద్ది. నాకు అలవాటే గానీ, పిల్లలు ముగ్గురూ చున్నీ, రుమాళ్ళు ముక్కులకు అడ్డం పెట్టుకుని కళ్ళ నీళ్ళు కారుస్తూ కూర్చున్నారు. నా చేతులు కాయల మీద పడ్డాయి. పడగానే పక్కన కరుణమ్మ కూర్చున్నట్టే అనిపించింది. పాట దానంతటదే వచ్చింది.

*ఎర్రని కల్లాన ఎండేది ఎవరే*
*మిరపకాయా నేనా చెప్పవే ఎండా*
*తొడిమ తీసిన చేత్తో కన్ను తుడువకే*
*ఏడుపే చాలదా మంటెందుకే ఇంకా*

అయిపోగానే షాహిస్తా ఇల్లెగిరిపోయేట్టు తుమ్మింది. ఆ తుమ్మును తీసెయ్యలేదు, ఇప్పటికీ ఆ పాట చివర వినపడుద్ది. నేను తొడిమ తుంచినప్పుడల్లా వచ్చిన టిక్కు టిక్కును పట్టుకుని త్రినాథ్ దరువు కట్టాడు. దాని మీద మా వాడు, "పుట్టింది పేటలో, పెరిగింది కల్లంలో, అమ్మ వేలి చప్పుడే ఉంది నా మొదటి తాళంలో" అని మొదలుపెట్టాడు. ఆ రోజు ఇమ్మానియేలు చాలాసేపు ఏడ్చాడు. ఘాటు వల్ల అన్నాడు. నేనూ ఘాటే అన్నాను.

పాట బయటికొచ్చింది. మొదటి వారం ఉలుకూ లేదు పలుకూ లేదు. తర్వాత ఏమైందో, మిర్చి యార్డులో ఆటోల వాళ్ళు పెట్టుకున్నారు, ఒంగోలు కాలేజీ పిల్లలు డాన్సులు కట్టి ఫోన్లలో పెట్టారు, అక్కణ్ణించి ఆపేవాడు లేడు. 'తొడిమ'లో పాటలన్నీ జనం ఒకటొకటిగా పట్టుకున్నారు. మా వాడిని హైదరాబాదు పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి ప్రశ్నలడిగారు. ప్రతి చోటా చివరికి అదే ప్రశ్న, ఆ ఆడగొంతు ఎవరిదని. "మాటిచ్చాను, చెప్పను" అనేవాడు. చెప్పకపోయేసరికి జనం తలా ఒక మాట అన్నారు. పాతకాలం రికార్డంట. ఎవరో పెద్ద గాయని డబ్బు తీసుకుని పాడిందంట. ఇంకో తెలివైనవాడు అది మనిషి గొంతే కాదు, కంప్యూటర్ పుట్టించిన గొంతన్నాడు. అది విన్నప్పుడు మాత్రం నాకు ఆగలేదు. వాడు ఎదురుగా ఉంటే గుప్పెడు మిరప గింజలు నోట్లో కొట్టేదాన్ని.

అయినా నోరు మూసుకున్నాను. తొడిమలు తీసే చోట ఆడవాళ్ళు ఫోనులో నా పాటే పెట్టేవాళ్ళు. "ఎవతో గానీ బాగానే పాడింది" అనేదాన్ని నేను. వాళ్ళు తలలు వంచుకుని, "అవును, బాగానే పాడింది" అనేవాళ్ళు. అబ్బ, ఎంత బాగా కప్పిపుచ్చుతున్నానో అని నన్ను నేనే మెచ్చుకునేదాన్ని. కానీ ఆదివారం వచ్చిందంటే గుండె దడే. ఈ వారం ఎవరు లేస్తారో, ఎవరు పలుకుతారో అని పాట ఎత్తేముందు ఒకసారి వెనక్కి చూసేదాన్ని.

మా వాళ్ళల్లో మంచి జరిగితే కృతజ్ఞత కూడిక పెట్టుకోవాలి. ఉద్యోగమొచ్చినా, రోగం తగ్గినా, ఇల్లు కట్టినా పెడతాం. సంఘమంతా వస్తుంది, పాటలు, ప్రార్థన, తర్వాత భోజనాలు. మేలు పొందినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పాలి. ఎవరెవరి వల్ల మేలు జరిగిందో పేరుపేరునా చెప్పి వందనాలు పెట్టాలి. ఇమ్మానియేలుకు ఇంత జరిగితే పెట్టకపోతే ఎట్లా. నేనే పట్టుబట్టి పెట్టించాను. సాక్ష్యంలో నా పేరు మటుకు తేవద్దని మళ్ళీ ఒట్టేయించుకున్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక అదే గుళ్ళో కూడిక. బయట చికెన్ పలావు దించారు. త్రినాథ్, షాహిస్తా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. మా సంఘ పెద్ద సంజీవరావు గారు, బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి, మెత్తనివాడు, వాళ్ళిద్దరినీ నిలబెట్టి అందరికీ చూపించారు. త్రినాథ్‌ను రెండు మాటలు చెప్పమంటే, "మా నాన్న పత్తి నెలల తరబడి పాటలు వింది. ఇంకా రేటు రాలేదు. ఆయనకు నా వందనాలు" అని చతికిలబడ్డాడు. గుడంతా నవ్వింది.

తర్వాత ఇమ్మానియేలు లేచాడు. దేవుడికి చెప్పాడు. త్రినాథ్‌కు చెప్పాడు, ఆ దరువు లేకపోతే తన మాటలు నడవలేకపోయేవన్నాడు. షాహిస్తాకు చెప్పాడు, వాళ్ళింట్లో పెళ్ళి పనులున్నా తన పాటలు పక్కన పెట్టలేదన్నాడు. పార్సిల్ ఆఫీసులో సెలవిచ్చిన మేనేజరుకు చెప్పాడు. కుళాయి దగ్గర ఆడవాళ్ళకు కూడా చెప్పాడు. అప్పుడు, "ఇంకొకళ్ళున్నారు" అని ఆగాడు.

ఆగినవాడు ఆగినట్టే ఉన్నాడు. రెండుసార్లు నోరు తెరిచి మూశాడు. వాడు నా వైపు చూడకుండా నేల చూస్తున్నాడు. ఎన్నేళ్ళకో దొరికిన మేలు, పేరుపేరునా వందనాలు చెప్పుకునే రోజు, అసలు చెప్పాల్సిన పేరు నోటితో అనలేక బిడ్డ అల్లాడుతున్నాడు. నాకు ప్రాణం ఉసూరుమంది.

ఇంతలో నా కాళ్ళు లేచి నిలబడ్డాయి. నిజం చెబుతున్నా, నేను లేవాలనుకోలేదు.

నేను లేచానో లేదో, పక్కన కూర్చున్నావిడ నా కొంగు పట్టి కిందికి లాగింది. వెనక నుంచి ఎవరో, "ఎలీసమ్మా, కూర్చో" అన్నారు. సంజీవరావు గారు గబుక్కున లేచి, "అందరం ప్రార్థన చేసుకుందాం, కళ్ళు మూసుకోండి" అన్నారు. ప్రార్థన జరిగేటప్పుడు మా వాళ్ళల్లో ఎవరూ మాట్లాడరు. ఆయన మొదలుపెట్టారు. ఈ గుడి కోసం, వానల కోసం, మిరపతోటల్లో పురుగు పోవాలని, రోడ్డు పడాలని, కాలేజీ పిల్లల పరీక్షల కోసం, ఆయన నోటికి ఏదొస్తే దాని కోసం ప్రార్థించారు. నేను నిలబడే ఉన్నాను, కళ్ళు మూసుకోలేదు. చూద్దును గదా, సంజీవరావు గారు ఒక కన్ను తెరిచి నన్నే చూస్తూ, చేత్తో కూర్చో కూర్చో అని సైగ చేస్తున్నారు. నోటితో మాత్రం ప్రార్థన ఆపడం లేదు. చుట్టూ చూశాను. సగం మంది కళ్ళు తెరిచి నా వైపే బతిమాలుతున్నట్టు చూస్తున్నారు.

కొంగు పట్టుకున్నావిడ గుసగుసగా అంది, "మాకు తెలియదనుకున్నావా పిచ్చిమొహమా. ప్రతి ఆదివారం వినే గొంతు. నువ్వు పలకమాక. పలికితే పోద్ది."

అప్పుడు గదా నా బుర్రకెక్కింది. అందరికీ తెలుసు. పాట వచ్చిన మొదటి రోజే తెలుసు. ఆటోల వాళ్ళకు తెలుసు, తొడిమల దగ్గర ఆడవాళ్ళకు తెలుసు, సంజీవరావు గారికీ తెలుసు. నా పాట నాకు ఉండాలని ఊరంతా ఏకమై, తెలియనట్టు తలలు వంచుకుని తిరిగారు. నేనేమో నా తెలివికి మురిసిపోయాను. నాకు ఎంత సిగ్గేసిందో అంత ఏడుపొచ్చింది. ముక్కు మీద కోపమని, నోటికి హద్దులేదని నన్ను తిట్టుకునే వాళ్ళే ఇన్నాళ్ళూ నన్ను కాపాడుకొచ్చారు. కూర్చుంటే సరిపోయేది. నా చాప నాకుండేది, వాడి పాట వాడికుండేది. కూర్చున్నాను కూడా.

ఆయన ఆమెన్ అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. ఇమ్మానియేలు ఇంకా నిలబడే ఉన్నాడు. "అంతేనండి. అందరికీ వందనాలు" అని మైకు పక్కన పెట్టి తన చోటికి పోబోయాడు. వాడి భుజాలు కిందికి జారిపోయి ఉన్నాయి.

"ఆగరా" అన్నాను.

మళ్ళీ లేచాను. ఈసారి కొంగు పట్టుకున్నావిడ చెయ్యి తీసి పక్కన పెట్టాను. "ఆ పాటలో గొంతు నాది. పాట నా చెల్లెలు కరుణమ్మది" అన్నాను. మైకు లేకపోయినా చివరి వరస దాకా వినపడింది. నా గొంతు అట్లాంటిది.

సంజీవరావు గారు కుర్చీలో కూర్చుండిపోయారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"పలికావమ్మా. ఇంక నా చేతిలో లేదు" అన్నారు. మళ్ళీ ఆయనే దారి వెతికారు. "ఒక పని చెయ్. తప్పయింది అను. ఆ ఒక్క మాట చాలు. ఇక్కడికిక్కడే సంఘం క్షమిస్తుంది, వచ్చే ఆదివారం నువ్వే ఎత్తుతావు."

"అను ఎలీసమ్మా" అన్నారు నలుగురైదుగురు. ఇమ్మానియేలు కూడా, "అనేయ్ పెద్దమ్మా, నాకేం బాధ లేదు" అన్నాడు.

ఒక్క మాట. ఆ మాట అనడం నాకు కొత్తా? చెయ్యని తప్పుకు మేస్త్రి ముందు అన్నాను, ఆసాముల ముందు అన్నాను, కూలి పోతుందని ఎన్నిసార్లో అన్నాను. అనడానికే నోరు తెరిచాను కూడా. కానీ ఎదురుగా వాడున్నాడు. అది ఒక తల్లి ఎండలో కూర్చుని కాయలు తుంచుతూ కట్టుకున్న పాట. దాని మూలాన ఇవాళ వాడికింత మేలు జరిగిందని వందనాలు చెప్పుకోవడానికి కూడుకున్నాం. అక్కడ నిలబడి తప్పయింది అంటే, ఆ తప్పు నాకు కాదు, మట్టిలో ఉన్న కరుణమ్మకు తగులుద్ది. కలిసి పనికి పోయినన్నాళ్ళూ దాన్ని నేను ఎండలో ఒంటరిగా ఎప్పుడూ వదిలి రాలేదు. ఇప్పుడెట్లా వదిలిపెడతాను.

"అనలేనండి" అన్నాను. "వందనాలు చెప్పుకోడానికి వచ్చాను, ఆ మాట నా నోటికి రాదు. మీరు చెయ్యాల్సింది మీరు చెయ్యండి. నాకు మీ మీద కోపం లేదు. ఇన్నాళ్ళూ నా కోసం మీరు చేసింది ఇప్పుడే తెలిసింది. మీ అందరికీ వందనాలు."

నాకు కోపం లేదన్న మాట మా సంఘం అంతకు ముందు విని ఉండదు. సంజీవరావు గారు లేచారు. సంఘం మళ్ళీ చెప్పేదాకా ఎలీసమ్మ పాట ఎత్తకూడదని, ఎక్కడా తడబడకుండా చెప్పేశారు. చెప్పి, ఇమ్మానియేలు వైపు తిరిగి మైకు చూపించారు.

"బాబూ, నీ సాక్ష్యం పూర్తి కాలేదు. పూర్తి చెయ్" అన్నారు.

వాడు మైకు తీసుకున్నాడు. "మా పెద్దమ్మ ఎలీసమ్మ" అన్నాడు. "నన్ను పెంచింది. మా అమ్మ గొంతు నాకు మళ్ళీ తెచ్చిచ్చింది. ఆమెకు నా వందనాలు." గుడంతా ఒక్కసారే స్తోత్రం అంది. షాహిస్తా చున్నీతో మొహం కప్పుకుంది. త్రినాథ్ చేతులు కట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. ఆ తర్వాత పలావు ఎట్లా ఉందో నన్నడగొద్దు, నాకు రుచి తెలియలేదు.

తర్వాతి ఆదివారం గుడికి పోగూడదనుకున్నాను. మార్తమ్మ లాగా నేనూ వేరే గుడి చూసుకుంటానని పొద్దున్నించీ గిన్నెలు ఎత్తేసి సణిగాను. ఇమ్మానియేలు తెల్ల చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. చేసేది లేక చీర మార్చుకుని బయల్దేరాను. ముందు చాప వైపు చూడకుండా వెనక వరసలో, ఆడవాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. నా చోట్లో స్తుతిని కూర్చోబెట్టారు. సంజీవరావు గారి చిన్నకూతురు, డిగ్రీ చదువుతోంది. పిల్ల మెడ చుట్టూ చెమట పట్టింది. పాట ఎత్తింది. నేనైతే ఇంకాస్త కింది శ్రుతిలో ఎత్తేదాన్ని గానీ, ఫర్వాలేదు, తప్పు పట్టేందుకు లేదు.

ఇన్నేళ్ళూ ముందు కూర్చున్నదాన్ని, నాకు నా గొంతే వినపడేది. అందరూ అందుకుంటారని తెలుసు గానీ, ఎట్లా అందుకుంటారో ఒక్క రోజూ వినలేదు. స్తుతి మొదటి లైను అయిపోగానే నా చుట్టూ పాట లేచింది. నా కుడి పక్కనావిడ, ఎడమ పక్కనావిడ, వెనక గోడకానుకున్న ముసలివాళ్ళు, అవతలి వైపు మగవాళ్ళు, రాగం ఎటు పోతున్నా పట్టించుకోని సంజీవరావు గారు, అందరూ కలిసి రేకులు అదిరేట్టు పాడారు. ఎప్పుడూ అంతే పాడతారో, ఆ రోజు నేను వెనక కూర్చున్నానని పాడారో నాకు తెలియదు. నేను రెండో లైనులో వాళ్ళతో కలిశాను. నోరంతా తెరిచి పాడుతున్నాను గానీ నా గొంతు నాకే వినపడలేదు. అంత గట్టిగా పాడారు మా వాళ్ళు.